కొత్త తినకముందు

లొద్దలగరువు కళ్ళంలో చోడి, అంటే రాగి, వెన్నులు నడుమెత్తున కుప్పపోసి ఉన్నాయి. కుప్ప మీద అడ్డాకులు పరిచి, గాలికి లేవకుండా రాళ్ళు పెట్టారు. కృపావతి ఆ కుప్పకు బారెడు దూరంలో నిలబడి, చేతిలో ట్యాబు పట్టుకుని, "అత్తా, ఈ ఏడు చోడి ఎంత పండింది?" అని అడిగింది.

చిట్టెమ్మ గొంతుక్కూర్చుని కళ్ళం అంచు పేడతో అలుకుతోంది. అరచెయ్యి గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

"ఏటీ నేదు తల్లీ."

"ఏమీ లేదా?"

"నేదు."

కృపావతి కుప్ప వైపు చూసింది. చిట్టెమ్మ మాత్రం అటు చూడలేదు. ఇంకో పేడముద్ద అందుకుని, "పొద్దున్నే ఎక్కొచ్చినావు, కాళ్ళు నొప్పెట్టనేదా?" అని మాట మార్చింది.

"మరి సామలు?"

"నేదు."

"వలిసెలు, కందులు, పసుపు?"

"ఏటీ నేదమ్మా. అదే రాసుకో."

చిట్టెమ్మ ఆ ఊరికి వార్డు మెంబరు. ఆమె చెప్పిన జవాబే ఇంటింటా దొరికింది. పెరట్లో పసుపు మొక్కలు ఆకులెండి ఒరిగిపోయి, తవ్వడానికి సిద్ధంగా ఉన్న ఇంట్లోనూ లేదన్నారు. చూరు కింద నూనెకు ఆడే వలిసె కట్టలు వేలాడుతున్న ఇంట్లోనూ లేదన్నారు. విత్తనాలకీ పండగలకీ మంచిరోజు చెప్పే దిసారి సుక్రు, అరుగు మీద చుట్ట చుట్టుకుంటూ, "కొండ మీద మనిసిని అడిగితే ఏటి సెప్తాడు?" అని ఆకాశం కేసి చూశాడు. పక్కనున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు.

"డిగ్రీ సదివిన గుంట, కళ్ళు నేవా ఏటి?" అంది ఒకామె.

ఇంకొకామె ఆమె తొడ గిల్లి నోరు మూయించింది.

కృపావతికి నవ్వు రాలేదు గానీ కోపమూ రాలేదు. సర్వే మొదలయ్యే ముందు అరకు ఆఫీసులో సర్వే చూసుకునే సాయికుమార్ సార్ చెప్పనే చెప్పాడు: ఏజెన్సీలో జనం ఉన్నది చెప్పరు, పింఛను పోతుందని భయం, రేషన్ కార్డు పోతుందని భయం, అందుకే కుటుంబం చెప్పిన దిగుబడికి ఒక గడి, సర్వేయరు కంటితో చూసిన దిగుబడికి దాని కిందే ఇంకో గడి పెట్టామని. ఆ మాట వింటున్నప్పుడు కృపావతికి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. పంచాయతీ నుంచి ఎవరొచ్చినా అమ్మ ముందు చేసే పని, కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, దాని మీద చింతపండు బుట్ట పెట్టడం. వచ్చినవాళ్ళు చూసీ చూడనట్టు పోతే ఆ రోజు అమ్మ ముఖం ఎంత తేటగా ఉండేదో!

మధ్యాహ్నం చిట్టెమ్మ ఆమెను తిండి పెట్టకుండా పంపలేదు. రేషన్ డిపో బియ్యం అన్నం, ఎండుచేపల పులుసు. బయట అంత చోడి కుప్ప పెట్టుకుని లోపల ముక్కిన డిపో బియ్యం తింటున్నారు. ఎంత భయం లేకపోతే ఇలా తింటారు అనుకుంది కృపావతి.

చెయ్యి కడుక్కుని గుమ్మంలో కూర్చుని ట్యాబు తెరిచింది. కుటుంబం చెప్పింది: సున్నా. కిందిగడి మీద వేలు ఆగింది. తన ఊరూ ఇలాంటిదే, కాకపోతే కింద రోడ్డు పక్కన. ఈ మనుషులదీ తనదీ ఒకే కులం, ఒకే మాట. చదువుకున్న పిల్ల వచ్చి కళ్ళంలో కుప్పని కూడా రాసుకుపోయిందని అనిపించుకోవడమా? చూసింది: సున్నా అని వేసింది. ప్రతి ఇంటికీ అలాగే వేసింది. ఊరి పేరు మీద నొక్కి పంపేసి, కొండ దిగేటప్పుడు ఆమె నడక తేలికగా ఉంది. దారిలో కట్టెల మోపుతో ఎదురైన ముసలామెకు మోపు దించి, మళ్ళీ ఎత్తి, ఉత్తపుణ్యానికి నవ్వింది కూడా.

ఆఫీసు అరకు బస్టాండు దగ్గర ఒక సిమెంటు కొట్టు మేడ మీద ఉంది. రెండు గదులు. ముందుగదిలో మణిదీప్ రెండు కంప్యూటర్లు పెట్టుకుని కూర్చుంటాడు. విజయనగరం కుర్రాడు, మంచివాడు, అందరినీ గారూ అనే పిలుస్తాడు. సర్వే అంతా ముగిశాక కృపావతి వెళ్ళేసరికి ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నాడు.

"రండి కృపగారూ. మీ బి.ఏ.లో చదివినదంతా ఇక్కడ బొమ్మ కట్టింది, చూద్దురుగాని."

తెర మీద మూడు గీతలు. ఆకుపచ్చది వ్యవసాయం, నీలం పరిశ్రమ, నారింజరంగు సేవలు. ఎడమ చివర పదిహేనేళ్ళ కిందటి సర్వే, కుడి చివర ఇప్పటిది. ఆకుపచ్చగీత మెల్లగా దిగుతోంది, నారింజగీత లేస్తోంది. దేశం ఎదిగేకొద్దీ జాతీయాదాయంలో వ్యవసాయం వాటా తగ్గుతుంది, పరిశ్రమల వాటా, సేవల వాటా పెరుగుతాయి. ఈ జవాబు కృపావతి రెండో సంవత్సరంలో పేజీన్నర రాసి, మార్జిన్లు కొట్టి, లెక్చరర్ చేత శభాష్ అనిపించుకుంది.

మణిదీప్ కప్పు ఎత్తి చూపించాడు. "ఇదిగో, ఈ కాఫీయే. మీవాళ్ళు పండు కోస్తే అది వ్యవసాయం. కింద మిల్లులో తోలు తీసి, ఎండబెట్టి, గ్రేడు చేస్తే పరిశ్రమ. అదే గింజని టూరిస్టుకి కప్పులో పోసిస్తే సేవలు. గింజ ఒకటే, ముందుకి పోయేకొద్దీ విలువ బలుస్తుంది."

"మరి పండు కోసినామె?"

"ఆమె ఆదాయమూ పెరిగిందండీ. గీత మాత్రం దిగింది. వాటా కదా మరి, పక్కవాడు లావెక్కితే మనం సన్నబడ్డట్టే కనిపిస్తాం."

ఇద్దరూ నవ్వారు. మణిదీప్ ఇంకో పేజీ తెరిచాడు. అందులో మూడు కొండల పేర్లు, ఒక్కోదానికి ఒక్కో బొమ్మ.

"ఇదేంటి?"

"మన అసలు పని ఇదే. మీకు చెప్పలేదా? కరెంటు ప్రాజెక్టుకి కొండ మీదొక చెరువు, కిందొక చెరువు తవ్వుతారు. కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదులుతారు. పరిశ్రమ గీత ఇక్కణ్ణించి అక్కడికి లేస్తుంది. పైచెరువుకి ఈ మూడు కొండలూ పనికొస్తాయి. మూడింటిలో ఏది దేశానికి తక్కువ ఇస్తోందో దాని మీద పెడితే నష్టం తక్కువ. న్యాయమే కదా?"

లొద్దలగరువు బొమ్మలో ఆకుపచ్చగీత ఎడమవైపు మిగతా రెంటికన్నా ఎత్తులో ఉంది. కుడివైపుకొచ్చేసరికి కిందికి జారి, అడుగుగీత మీద పడుకుంది.

"పాపం, ఊరు పూర్తిగా పడిపోయినట్టుంది" అన్నాడు మణిదీప్. "వలస పోయారా అందరూ?"

కళ్ళంలో ఆకుల కింద ఉన్న కుప్ప కృపావతి కళ్ళకు కట్టింది. పదిహేనేళ్ళ కిందట వీళ్ళకు పింఛన్లు లేవా, కార్డులు లేవా? అప్పుడు లేని భయం ఇప్పుడెందుకొచ్చింది? అప్పుడు అంతంత చెప్పినవాళ్ళు ఇప్పుడు గింజ లేదని ఎందుకన్నారు?

లోపలిగదిలో సాయికుమార్ ఆమె చెప్పిందంతా విన్నాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు కుప్ప చూశావు. చూసి కూడా కింద సున్నా వేశావు."

"అవును సార్."

"ఎందుకమ్మా?"

"వాళ్ళకి మంచిదనుకున్నాను సార్."

ఆయన అరిచే మనిషి కాదు. "ఒక్క ఊరు అబద్ధం రాశావని పైకి పంపితే నువ్వు తిరిగిన ఊళ్ళన్నీ కొట్టేస్తారు. నీ ఉద్యోగం ఉండదు. నీ మీద కేసు కూడా పెట్టొచ్చు."

"పంపండి సార్. ఫరవాలేదు."

"నేను పంపినా ఆగదు. లెక్కలు మూసేశారు. ఒక్క దారుంది. ఎల్లుండి ఆ ఊళ్ళో గ్రామసభ. ఏ కొండో తేల్చే ఆఫీసరు, బిందుమాధవి మేడమ్ వస్తారు. ఊరివాళ్ళ మాటకి విలువిచ్చే మనిషి ఆవిడ. ఊరు లేచి ఈ సర్వే తప్పు అంటే మళ్ళీ చేయిస్తారు. ఊరు అనాలి. నువ్వూ నేనూ అంటే చెల్లదు."

మర్నాడు కృపావతి జీపు వెనక మెట్టు మీద వేలాడుతూ వెళ్ళి, ఎర్రమట్టి దారిలో ఎక్కడం మొదలుపెట్టింది. సగం ఎక్కేసరికి డప్పు వినిపించింది. ఊరు చేరేసరికి కళ్ళంలో అడ్డాకులు లేవు, రాళ్ళు లేవు. చోడి తొక్కించి, తూర్పారబట్టి, ఎర్రగా రాశిపోశారు. సుక్రు తలకు కొత్త తువ్వాలు చుట్టుకుని రాశి చుట్టూ బూడిదగీత గీస్తున్నాడు. ఊరి చివర కొండతల్లి జాకరమ్మ రాళ్ళ దగ్గర కోడి రక్తం ఇంకా తడిగా ఉంది.

"కరట్టుగా కూటికాడికి వొచ్చినాది!" అని అరిచింది తొడ గిల్లించుకున్న ఆమె. "ఈ గుంటకి ముక్కు బాగా పన్జేత్తాది, కళ్ళే అగుపడవు!"

చిట్టెమ్మ ఆమె చెయ్యి పట్టి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. దొప్పలో కొత్త చోడి అంబలి పోసింది. ఆకులో సామ అన్నం, కోడికూర. కృపావతి కూర వైపు చూసి సందేహించింది.

"తినుమీ. మీ పాస్టరుగారికి నాను సెప్పన్లే."

ఆమె తింది. కొత్త సామ తియ్యగా ఉంది. కొంచెంసేపటికి కుంచం తెచ్చారు. సుక్రు మొదటి కుంచం పోస్తూ "ఒకటీ" అనడానికి బదులు "లాభం" అన్నాడు. అందరూ గట్టిగా "లాభం" అన్నారు. ఆ తరువాత ఇళ్ళవారీగా కొలుస్తుంటే, ఎవరికెంతొచ్చిందో వాళ్ళే ఊరంతా వినేలా చెబుతున్నారు. ఎక్కువొచ్చినవాణ్ణి "నీ పెళ్ళాం తొక్కినాదా, నువ్వు తొక్కినావా" అని ఏడిపిస్తున్నారు. ఒకామె కృపావతి దగ్గరకొచ్చి, "రాసుకో గుంటా, మా ఇంట్లో చోడి ఇంత, సామ ఇంత, వలిసె గానుక్కి పోగా ఇంత" అని వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆమె వెనక ఇంకొకరు. అడగకుండానే చెబుతున్నారు.

"మరి మొన్న లేదన్నావేం అత్తా?" అంది కృపావతి.

చిట్టెమ్మ ఆశ్చర్యపోయింది. "మొన్న ఎలాగ సెప్తాం? కొత్త పండగ అవనేదు కదా! తల్లికి పెట్టకముందు ఎంతో నోటితో అంటే తినేసినట్టే. ఎంగిలి కాదేటి? అడిగితే నేదనాల. నేదంటే అడిగినోల్లకి తెలీదేటి, ఇంకా కొత్త తిన్నేదని." ఒక్క క్షణం ఆగి, నుదురు కొట్టుకుంది. "ఓలమ్మ! మీరు పార్దన ఇల్లు కదా. మీ యమ్మ నీకు సెప్పుండదు."

సుక్రు కుంచం పక్కన పెట్టి వచ్చాడు. ఈ ఏడు ఊళ్ళో మైల పడిందనీ, ఆ నెల గడిచి కొత్త వెన్నెల వచ్చేదాకా రోజు పెట్టలేదనీ చెప్పాడు. "వొక తడవ ఇలాగే అడగడానికొచ్చేరు, శానా ఏల్లయినాది. ఆలు ఎండల్లో వొచ్చేరు. కొత్తయిపోనాది. అన్నీ సెప్పినాం."

కృపావతి చేతిలో దొప్ప అలాగే ఉంది. ఆమె అన్నీ చెప్పింది. చెరువు సంగతి, మూడు కొండల సంగతి, అడుగుకి ఆనిన గీత సంగతి, తను కావాలని వేసిన సున్నా సంగతి. డప్పు కొట్టేవాడు కూడా ఆపి విన్నాడు. రేపు మేడమ్ వచ్చినప్పుడు సర్వే తప్పని ఊరంతా ఒక్కమాటగా చెప్పమంది.

"సెప్తాం, సెప్పకేటి" అన్నాడు సుక్రు.

కానీ వాళ్ళ ముఖాల్లో ఆమె వెతికిన కంగారు లేదు. ఒక ముసలాయన చుట్ట వెలిగించుకుని, "మా అయ్య కాలంలో ఎర్రరాయి తవ్వుతామని వొచ్చేరు. జెండాలు పాతేరు. ఆ కర్రలు మేకలు కట్టుకోడానికి బాగున్నాయి" అన్నాడు. నవ్వులు లేచాయి. డప్పు మళ్ళీ మొదలైంది.

చిట్టెమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె మనసు ఇంకో మాట దగ్గర ఆగిపోయింది. "నీ ఉజ్జోగం పోతాదంటావేటి?"

"పోతే పోనీ అత్తా."

"మీ నాన్న ఏటి సేత్తన్నాడు?"

"మంచంలోనే ఉన్నాడు."

చిట్టెమ్మ ఆమె ఆకులో ఇంకో ముక్క వేసింది.

గ్రామసభకు కింది నుంచి రెండు జీపులు వచ్చాయి. బడి వరండాలో బల్ల వేశారు. బిందుమాధవి మేడమ్ నూలుచీర కట్టుకుని, ఎక్కి వచ్చిన ఆయాసం తీర్చుకుని, తన కోసం వేసిన కుర్చీ వద్దని జనంతోపాటు చాప మీద కూర్చుంది. సాయికుమార్ ఫ్లెక్సీ మీద వేయించిన బొమ్మను గోడకు తగిలించాడు. మూడు గీతల్లో ఆకుపచ్చదాన్ని చూపిస్తూ, పదిహేనేళ్ళలో ఈ కొండ వ్యవసాయం ఎలా తగ్గిపోయిందో, విద్యుత్తు వస్తే ఇదే కొండ దేశానికి ఎంత ఇస్తుందో నెమ్మదిగా చెప్పాడు. ఆ రోజు అరుగు దగ్గర నవ్విన ఆడవాళ్ళు ఆ గీతను వాన కాలవను చూసినట్టు చూశారు.

కృపావతి లేచి నిలబడింది.

"మేడమ్, ఆ ఆకుపచ్చగీత తప్పు. ఈ ఊళ్ళో సర్వే చేసింది నేనే. కళ్ళంలో పంట చూశాను. చూసి కూడా సున్నా రాశాను. ఇప్పుడు ప్రతి ఇంట్లో గింజలున్నాయి, వెళ్ళి చూడండి."

సాయికుమార్ తల వంచుకున్నాడు. మేడమ్ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. కోపంగా కాదు, తేల్చుకోవడానికి.

"ఇప్పుడు గింజలున్నాయంటే చూస్తాను. కానీ అవి ఈ కొండవో, సంతలో కొన్నవో నాకేం తెలుస్తుంది? నాకు ఊరు చెప్పాలి." జనం వైపు తిరిగింది. "వినండమ్మా. ఈ అమ్మాయి మీరు చెప్పింది కాకుండా తన ఇష్టమొచ్చినట్టు రాసుంటే, మళ్ళీ సర్వే చేయిస్తాను. ఆమె మీద చర్య తీసుకుంటాను, అది తప్పదు. మీరు చెప్పిందే రాసుంటే, లెక్క లెక్కే. ఎవరు చెబుతారు?"

అందరూ సుక్రు వైపు చూశారు. సుక్రు చిట్టెమ్మ వైపు చూశాడు.

చిట్టెమ్మ లేచింది. కొంగు భుజం చుట్టూ తిప్పి దోపుకుంది. ముందు గోడ మీది బొమ్మను చూసింది. వరండా అవతల, ఎండలో కంది చేను పసుపు రంగు తిరిగి ఉన్న కొండను చూసింది. తరువాత నిలబడి ఉన్న కృపావతిని చూసింది.

"అమ్మా, గుంట ఏటీ సొంతంగా రాయనేదు" అంది. "ఆ రోజు వొచ్చి అడిగినాది. మేం నేదన్నాం. ఇంటింటికీ అడిగినాది. ఇంటింటా నేదన్నాం. అదే రాసినాది. గుంట తప్పు నేదు."

"అత్తా!" అంది కృపావతి.

"నువ్వుండెహె." చిట్టెమ్మ ఆమె వైపు చూడకుండానే కసిరింది. "సిన్నపిల్ల, బయపడి తన మీదేసుకుంటన్నాది. మా నోటితో మేం సెప్పినాం."

"అలా ఎందుకు చెప్పారమ్మా? పంట ఉందా, లేదా?" మేడమ్ అడిగింది. నిజంగానే అడిగింది.

చిట్టెమ్మకు జవాబు తెలుసు. అయితే ఆ జవాబు చెబితే ఉన్నదాన్ని లేదన్నట్టవుతుంది, చూసి కూడా రాయలేదన్న గుంట మాట నిజమైపోతుంది. ఆమె పెదవులు ఒకసారి కదిలాయి.

"అప్పుడు నేదు" అంది.

"సుక్రుగారూ?"

సుక్రు చాలాసేపు తన కాలి బొటనవేలి కేసి చూసుకున్నాడు. "నేదనే సెప్పినాం" అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. ఆయన వెనక ఒక్కొక్కరూ తలలూపారు. నిన్న కుంచాల లెక్క ఊరంతా వినేలా చెప్పుకున్న ఆడవాళ్ళు కూడా ఊపారు.

మేడమ్ ఇంకొంచెంసేపు ఎవరైనా లేస్తారేమోనని చూసింది. ఎవరూ లేవలేదు. "ఊరి మాట రాసుకోండి" అని గుమస్తాకు చెప్పింది. కృపావతి మళ్ళీ నోరు తెరిచింది. మాటలు వచ్చాయి కూడా. కొత్త గురించి, తల్లి గురించి, ఎంగిలి గురించి గబగబా చెబుతూ పోయింది. మేడమ్ చివరిదాకా విన్నది. విని, ఆమె భుజం తట్టి, "నీ ఊరివాళ్ళంటే నీకున్న ప్రేమ అర్థమైందమ్మా. కానీ వాళ్ళే లేదన్నాక నేనేం చెయ్యను?" అంది. వేలిముద్రలకు సిరా డబ్బా తెరిచారు.

జనం పలచబడ్డాక చిట్టెమ్మ దగ్గరికొచ్చింది. బొటనవేలి నీలాన్ని చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంటోంది. ముఖం తేటగా ఉంది.

"అత్తా, ఏం చేశావో తెలుసా? కొండ పోతుంది."

"కొండ ఎక్కడికి పోతాది? అది తల్లి సేతిలో ఉన్నాది." చిట్టెమ్మ గొంతు తగ్గించింది. "నీ ఉజ్జోగం ఈ యమ్మ సేతిలో ఉన్నాది. అందుకని ముందు అది సూసినాను."

కృపావతి ఆమె చెయ్యి పట్టుకుంది. మొన్న ఆ గుమ్మంలో కూర్చుని తను కిందిగడి నింపినప్పుడు, తనకూ ఇలాగే అంతా కుదిరిందనిపించింది. అది చెప్పడానికి మాట దొరకలేదు. చెప్పినా ఈ మనిషి ఏడవదు, తిరిగి తననే ఓదారుస్తుంది.

కింది మలుపులో జీపు హారను కొట్టింది. చిట్టెమ్మ చెయ్యి విడిపించుకుని, చూరులో గుచ్చిన కొడవలి తీసుకుంది. కంది కోత ఇంకా సగం మిగిలే ఉంది. కాస్త పైకెక్కాక వెనక్కి తిరిగి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కేకేసింది.

"బేగి దిగు గుంటా! సారు కోపగిస్తాడు!"